అద్దంలో రెండు సెకన్లు

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. మెత్తచెయ్యి అంటేనే అందరికీ తెలుస్తుంది. అతని చేతి కింద గడ్డం గీయించుకుంటూ మనుషులు కునుకు తీసేవాళ్లు. కత్తి చెంప మీద నడుస్తున్న సంగతి తెలిసేది కాదు. మొహం తుడిచి భుజం తడితే ఉలిక్కిపడి లేచి, "అప్పుడే అయిపోయిందా?" అని అడిగేవాళ్లు. అతని తమ్ముడికి ఇంకో పేరుండేది, రేడియో. పొద్దున షట్టరు ఎత్తినప్పుడు నోరు తెరిస్తే, సాయంత్రం షట్టరు దించేదాకా మూత పడేది కాదు. ఎవరింట్లో ఎవరికి జలుబు చేసిందో దగ్గర్నుంచి, ఏ ఆఫీసులో ఏ గుమస్తా కుర్చీలో నిద్రపోతూ పట్టుబడ్డాడో దాకా అన్నీ అతని నోటనే వినాలి. చెప్పేదాంట్లో సగం కల్పితమని అందరికీ తెలుసు. అయినా వినేవాళ్లు.

షాపులో రెండు కుర్చీలు. లోపలి కుర్చీ అన్నది, గుమ్మం దగ్గరి కుర్చీ తమ్ముడిది. ఎదురు గోడకి ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే పెద్ద అద్దం. కుర్చీ వెనక నిలబడి పని చేసేవాడికి వీధి వీపు వెనకే ఉన్నా, అద్దంలో కనిపిస్తుంది. ఎదురుగా మిట్ట మీద నుంచి షాపు గుమ్మానికి సూటిగా దిగే రోడ్డులో కరెంటు స్తంభం నుంచి ఇవతలి భాగం, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా అన్న ఆ వీధిని అద్దంలోనే చూశాడు. తమ్ముడు మాట్లాడుతుంటే అతను అప్పుడప్పుడు నవ్వేవాడు. ఇంకా నవ్వొస్తే కత్తి పక్కకి తీసి నవ్వేవాడు. అంతకుమించి అతనికి మాటలతో పని ఉండేది కాదు.

ఆ రోజు పొద్దున పదిన్నర అయి ఉంటుంది. అన్న కుర్చీలో డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. పక్క వీధి స్కూల్లో పిల్లల చేత ముప్పై ఏళ్లు కసరత్తులు చేయించి, రిటైరైన మనిషి. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో ఉన్నాడు. తమ్ముడి కుర్చీ ఖాళీ. అతను గుమ్మం దగ్గర వీధికి వీపు పెట్టి నిలబడి, గుడ్డ దులుపుతూ, ఆ పొద్దున తన ఇంట్లో జరిగిన గొడవ గురించి చెప్తున్నాడు. చెప్పేవాడికే నవ్వు ఆగట్లేదు.

మిట్ట మీద ఒక నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. డ్రైవరు దిగి ఎక్కడికో వెళ్లాడు. అది ఎలా కదిలిందన్న దాని మీద తర్వాత విచారణలు జరిగాయి, కాగితాలు రాశారు. ఇంజను ఆగి ఉన్న బండి కదా, చప్పుడు లేకుండా జారింది. కరెంటు స్తంభం పక్కనుంచి అది అద్దంలోకి రావడం అన్న చూశాడు. స్టీరింగు ముందు ఎవరూ లేకపోవడం చూశాడు. దానికీ తనకీ మధ్య, నవ్వుతున్న తమ్ముడి మొహం చూశాడు. చెయ్యి దానంతటదే మాస్టారి గొంతు దగ్గర్నుంచి కత్తిని దూరంగా తీసింది. నోరు మాత్రం పెగల్లేదు.

ట్యాంకరు గుమ్మాన్ని, ముందు కుర్చీని తొక్కుకుంటూ వచ్చి, లోపలి కుర్చీకి అడుగు దూరంలో ఆగింది. మాస్టారికి ట్యాంకరు ముందద్దం గాజు పెంకులతో చిన్న చిన్న గాయాలయ్యాయి. అన్నకి ఒంటి మీద గీత కూడా పడలేదు. తమ్ముడి ప్రాణం ఆసుపత్రి దాకా ఆగలేదు.

*

ఆ తర్వాత నెల రోజులు అన్నని చూసినవాళ్లంతా గట్టి మనిషి అన్నారు. జరగాల్సినవన్నీ దగ్గరుండి జరిపించాడు. పోలీసులు అడిగినచోట సంతకాలు పెట్టాడు. తమ్ముడి కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, స్కూలుకి వెళ్లనంటే చెయ్యి పట్టుకుని తనే దింపి వచ్చాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు అతని భుజం మీద చెయ్యేసి, "నువ్వు బతికి బయటపడ్డావు, అదే పదివేలు. అదృష్టవంతుడివి," అనేవాళ్లు. అతను తలూపేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చేవాడని అతని భార్య ఒక్కతే గమనించింది.

షాపు ముందు గోడ మళ్లీ కట్టారు. ఒక్క కుర్చీతో అతను మళ్లీ తెరిచాడు. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం అద్దంలో ఏదో కదిలితే కత్తి పక్కకి లాగేసుకున్నాడు. చూస్తే ఎవరో సైకిల్ మీద పోతున్నారు. మర్నాడు అద్దం మీద దుప్పటి కప్పాడు. "అద్దం లేని సెలూన్ ఏంటన్నా, నేను బాగున్నానో లేదో ఇంటికెళ్లి మా ఆవిణ్ణి అడగాలా?" అని ఒకాయన వేళాకోళమాడాడు. అతను నవ్వలేదు. ఆ శనివారమే ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక మనిషి చెవి కింద కత్తి దిగింది. పెద్ద గాయం కాదు. కానీ మెడ మీదుగా జారిన ఆ ఎర్రటి చార చూసి అతను కొయ్యబారిపోయాడు. పటిక రాయాలని కూడా తోచలేదు. వచ్చినాయనే గుడ్డ తీసి అద్దుకుని వెళ్లిపోయాడు. అతను షట్టరు దించేసి ఇంటికి వచ్చాడు. మళ్లీ ఎత్తలేదు.

ఇంట్లో అతనికి గోడకి ఆనుకుని కూర్చుంటేనే కుదురు. వెనక ఖాళీ ఉంటే కూర్చోలేడు. బకెట్ కిందపడితే లేచి నిలబడేవాడు. గడ్డం సబ్బు వాసనకి వాంతి వచ్చేది. భార్య ఇంట్లో ఒంటి సబ్బు కూడా మార్చేసింది. కళ్లు మూస్తే ట్యాంకరు వచ్చేది. రాత్రుళ్లు ఆమెకీ నిద్ర లేదు, అతనికీ లేదు, ఇద్దరూ ఆ సంగతి ఒకరితో ఒకరు అనుకోలేదు.

కింది వాటాలో అతనుంటాడు, మేడ మీద తమ్ముడి కుటుంబం. మెట్లు ముందు వరండాలోనే ఉన్నాయి. మేడ మీద అడుగుల చప్పుడు వినిపిస్తే అతను వెనక గదిలోకి వెళ్లేవాడు. మరదలు మెట్లు దిగి వస్తే, ఆమె గేటు దాటేదాకా బయటికి వచ్చేవాడు కాదు. ఆమె బుక్ బైండింగ్ షాపులో పనికి కుదిరిందని కూడా భార్య చెప్తేనే తెలిసింది. ఒకసారి తమ్ముడి కూతురు వరండాలో ఎవరితోనో ఆడుకుంటూ పగలబడి నవ్వింది. అచ్చం వాళ్ల నాన్న నవ్వు. "నోరు ముయ్" అని అతను లోపల్నుంచి అరిచిన అరుపుకి పిల్ల బిక్కచచ్చిపోయింది. ఆ తర్వాత పెదనాన్న ఇంట్లో ఉన్నాడంటే ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేది.

భార్య ఓపిక పట్టి, పట్టి, ఒకరోజు అడిగింది. "ఏవండీ, ఆ అమ్మాయి మీకేం అపకారం చేసింది? మొగుడు పోయి అదేడుస్తుంటే, మీరు మొహం చాటేస్తారేంటి? తనూ పిల్లా మనకి బరువయ్యామనుకుంటోంది."

అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "బరువు వాళ్లు కాదే," అన్నాడు. అంతకన్నా ఏం అడిగినా చెప్పలేదు.

*

డ్రిల్లు మాస్టారు వచ్చింది, షట్టరు దించిన ఏడో నెలలో. గుర్తుపట్టడానికి అతనికి కొంచెం టైమ్ పట్టింది. ఎప్పుడూ నున్నగా ఉండే మొహం నిండా తెల్లటి గడ్డం.

"ఏంటలా చూస్తావు? ఆ రోజు నువ్వు సగంలో వదిలేశావు. మిగతా సగం ఎవరి చేతా గీయించుకోలేకపోయాను. మెడ మీద ఎవరైనా చెయ్యేస్తే ఒళ్లంతా చెమట పట్టేస్తోంది," అన్నాడు మాస్టారు. కుర్చీ లాక్కుని, అడక్కుండానే అతని పక్కన గోడకి ఆనించి కూర్చున్నాడు. "నేనూ ఇలాగే కూర్చుంటాను ఇంట్లో. మా ఆవిడ ఇంటి సామాను మొత్తం గోడల వైపు జరిపించింది. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. నాలుగు నెలల నుంచి వెళ్తున్నాను. రేపు నాతో రా."

"నాకు పిచ్చి లేదు మాస్టారూ."

"నాకుందా మరి?"

భార్య మర్నాడు అతని చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

ఆసుపత్రిలో ఆ గది మూడో అంతస్తు చివర ఉంది. చిన్న గది, మూడు కుర్చీలు, ఒక టేబులు. డాక్టరమ్మది నడివయసు. ముక్కు మీద కళ్లజోడు జారుతుంటే వేలితో పైకి తోస్తూ ఉండేది. మొదటి రోజు ఆమె అడిగిన ఒకే ఒక ప్రశ్న, "మీరు ఎక్కడ కూర్చుంటారు?" అని. అతను గోడ పక్క కుర్చీ చూపించాడు. తనే లేచి ఆ కుర్చీ అతనికి ఇచ్చింది.

మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ నిద్ర గురించి, తిండి గురించి, అవీ ఇవీ మాట్లాడి వచ్చేశాడు. నిద్రకి కొన్నాళ్లు వేసుకోమని మాత్ర రాసిచ్చింది. గుండె దడ వచ్చినప్పుడు చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకోమంది. అతనికి అది చిన్నపిల్లల ఆటలా అనిపించింది. నాలుగోసారి, ఇక లేవబోతూ, కుర్చీ మీద చెయ్యేసి నిలబడిపోయాడు.

"నేను చూశానమ్మా," అన్నాడు.

"ఏం చూశారు?"

"అది రావడం. అద్దంలో. అందరూ వెనకనుంచి వచ్చింది కదా, నాకు తెలియలేదనుకుంటున్నారు. నేను స్తంభం దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. వాడు నవ్వుతున్నాడు. ఒరేయ్ అంటే చాలు, పక్కకి దూకేవాడు. నేను అనలేదు. చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు చూశానో."

ఆమె అతన్ని కూర్చోనిచ్చింది. నీళ్లిచ్చింది. తాగాక అంది, "ప్రాణం మీదికి వస్తే కొందరి ఒళ్లు పరిగెత్తుతుంది. కొందరిది తిరగబడుతుంది. కొందరిది బిగుసుకుపోతుంది. ఏది జరగాలో మనం తేల్చుకునే లోపే ఒళ్లు తేల్చేసుకుంటుంది. అందులో పిరికితనం లేదు, ప్రేమ తక్కువవడం లేదు. మీ నోరు బిగుసుకుంది. మీ చెయ్యి మాత్రం కత్తిని పక్కకి తీసింది. మాస్టారు చెప్పారు నాకు. ఆ చేతికి మీరు చెప్పారా, తియ్యమని?"

"లేదు."

"మరి నోటికి మాత్రం మీరే వద్దని చెప్పారని ఎందుకనుకుంటున్నారు?"

ఆ మాటతో అతని మనసు కుదుటపడలేదు. "ఎంతసేపో చూశానమ్మా," అన్నాడు మళ్లీ.

"అలాంటప్పుడు మనసులో గడియారం సరిగ్గా నడవదు. ఒక్క క్షణాన్ని సాగదీస్తుంది. ఎంతసేపో ఎప్పుడైనా కొలిచారా?"

*

ఇంటికొస్తూ అతను చెబితే, ఆ మాట పట్టుకుంది మాస్టారే. ఆయన దగ్గర పరుగు పందేల నాటి స్టాప్‌వాచీ ఇంకా ఉంది. డాక్టరమ్మని అడిగి, ఆమె సరేనన్నాక, వీధి ఖాళీగా ఉండే ఒక ఆదివారం మధ్యాహ్నం అతన్ని షాపుకి తీసుకెళ్లాడు. తోడుగా అతని భార్య కూడా వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత షట్టరు ఎత్తారు. లోపల తడి గోడల వాసన. అద్దం మీది దుప్పటి భార్య తీసింది.

"నేను మిట్ట మీద నుంచి సైకిల్ తొక్కకుండా జారుకుంటూ వస్తాను," అన్నాడు మాస్టారు. "స్తంభం దగ్గర కనిపించగానే నొక్కు. గుమ్మం ముందుకొచ్చి మలుపు తిరగగానే మళ్లీ నొక్కు. కష్టంగా ఉంటే వాచీ మీ ఆవిడకిచ్చి బయటికి వచ్చెయ్. నేనేం అనుకోను."

అరవై ఆరేళ్ల మనిషి, తెల్లగడ్డంతో, పొరుగింటి సైకిల్ నడిపించుకుంటూ మిట్ట ఎక్కాడు. అతను కుర్చీ వెనక, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. మొదటిసారి అద్దంలో సైకిల్ కనిపించగానే కళ్లు మూసుకున్నాడు. రెండోసారి మొదట నొక్కాడు, చివర మర్చిపోయాడు. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మూడోసారి రెండూ నొక్కాడు. వాచీ చూసి, తప్పు నొక్కానేమో అన్నాడు. నాలుగోసారి కూడా అంతే వచ్చింది. రెండు సెకన్లు, ఆపైన కాస్త.

"ట్యాంకరు నాకంటే జోరుగానే వచ్చి ఉంటుంది, తక్కువ కాదు," అన్నాడు మాస్టారు, రొప్పుతూ.

"ఇంకొక్కసారి," అన్నాడు అతను.

ఈసారి వాచీ భార్య చేతికిచ్చాడు. స్తంభం పక్కన సైకిల్ కనిపించింది. అది సైకిలని తెలియాలి, వస్తోందని తెలియాలి, ఊపిరి తీసుకోవాలి. "తమ్ముడూ" అన్నాడు. మాట పూర్తయ్యేసరికి సైకిల్ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

వస్తుందని ముందే తెలిసి, దానికోసమే నిలబడి కూడా, అతను అందుకోలేకపోయాడు. కుర్చీ చేతులు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. భార్య పక్కన కూర్చుంది. మాస్టారు సైకిల్ పట్టుకుని బయటే, ఎండలోనే ఉండిపోయాడు. ఆ ఏడుపు చాలాసేపు సాగింది. ఏడ్చాక తేలికపడ్డాడని చెప్పడానికి లేదు. అందుకోగలిగి ఉంటే అది తన తప్పయ్యేది. అందుకోలేనిది కాబట్టి, ఇక చేయడానికేమీ లేదు. తమ్ముడు పోయాడు. అంతే.

*

ఆ వారమే మేడ మెట్లెక్కాడు. మరదలు బైండింగ్ షాపు నుంచి తెచ్చుకున్న కాగితాలు నేల మీద పరుచుకుని మడతలు పెడుతోంది. బావగారిని చూసి లేచి, కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు. తను చూసింది, అనలేకపోయింది, దాచింది, అన్నీ నిలబడే చెప్పాడు. వాచీ సంగతి చెప్పలేదు. అది తనకి తాను సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుందనిపించింది.

ఆమె చేతిలో కాగితం అలాగే ఉంది. "వాడి మొహం మీకు కనబడుతోందా అప్పుడు?" అని అడిగింది. భర్తని ఆమె ఎప్పుడూ వాడనే అనేది, పెళ్లికి ముందు ఒకే వీధిలో ఆడుకున్నవాళ్లు.

"కనబడుతోందమ్మా. నవ్వుతున్నాడు."

"నవ్వుతున్నాడా?"

"నీ గురించే చెప్తున్నాడు. కుళాయి కారుతోందని పది రోజులుగా మొత్తుకున్నావంట. వాడు పట్టించుకోలేదంట. ఆ పొద్దున నువ్వు కుళాయి కింద నిండిన బకెట్ తెచ్చి సరిగ్గా గడప ముందు పెట్టావంట. బూట్లేసుకుని హడావుడిగా వస్తూ ఒక కాలు అందులో దింపాడంట. మాస్టారికి చెప్తూ ఒకటే నవ్వు. ఈ సాయంత్రం కుళాయి బాగుచెయ్యకపోతే రేపు నన్నే బకెట్లో నానబెడుతుంది అన్నాడు. అదే ఆఖరి మాట."

ఆమె గోడ పట్టుకుని కూర్చుంది. "తిట్టుకున్నాం ఆ రోజు," అంది. "తినకుండా వెళ్లిపోయాడు. వెళ్తుంటే నేను వెనక్కి కూడా చూడలేదు. ఆసుపత్రి వాళ్లు బూట్లు నాకిచ్చారు. అప్పటికీ తడిగానే ఉన్నాయి. ఏడాది కావస్తోంది బావగారూ. వాడు నా మీద కోపంతోనే పోయాడనుకుంటూ బతుకుతున్నాను."

ఆమె తలెత్తింది. కళ్లలో నీళ్లతో పాటు కోపం కూడా ఉంది.

"కింది వాటాలోనే ఉన్నారు. పన్నెండు మెట్లు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందా? అరవలేకపోయారు, అది నేను అర్థం చేసుకోగలను. ఆ తర్వాత నోరుండి కూడా చెప్పలేదు చూడండి, అది నాకు అర్థం కావట్లేదు. వెళ్లండి. కాసేపు నన్నొదిలెయ్యండి."

అతను దిగి వచ్చేశాడు. పది, పన్నెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. అతను మాత్రం వెనక గదిలోకి వెళ్లడం మానేసి వరండాలోనే కూర్చున్నాడు. ఆమె పనికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు అక్కడే ఉండేవాడు. పదమూడో రోజునో, పద్నాలుగో రోజునో, మెట్లు దిగుతూ ఆగి, "బావగారూ, సాయంత్రం పిల్లని స్కూలు నుంచి తీసుకొస్తారా? నాకు ఆలస్యమవుతుంది," అంది. అతను వెళ్లాడు. పిల్ల దారంతా రెండడుగుల దూరం పెట్టి నడిచింది. గేటు దగ్గర, "నీ మీద ఆ రోజు అరిచాను, తప్పు నాదే," అన్నాడు. పిల్ల తలూపింది. దగ్గరికి రావడానికి దానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది.

*

షాపు తెరిచాడు. కుర్చీని వీధి వైపు తిప్పి, అద్దాన్ని పక్క గోడకి మార్పించాడు. కత్తి పట్టడు. జుట్టు కత్తిరించడం ఒక్కటే. గడ్డం కోసం వచ్చినవాళ్లని పై వీధిలో ఇంకో షాపుకి పంపిస్తాడు. మాస్టారు గడ్డం తీయించుకోలేదు, నాకిదే బాగుందిలే అంటాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం మొదట వారానికోసారి, తర్వాత నెలకోసారి అయింది. మాత్రలు ఆగిపోయాయి. నిద్ర కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. పూర్తిగా ఎప్పుడు నయమవుతుందని అతను ఒకసారి అడిగితే, ఆమె, "కాలు విరిగి అతికినవాడు నడుస్తాడు. చలికాలంలో నొప్పి తెలుస్తుంది. నొప్పి వచ్చిందని కాలు మళ్లీ విరిగిందనుకోకండి," అంది.

మొన్న ఒక సాయంత్రం, వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన కుర్చీలో ఉండగా, పక్క కొట్టువాడి షట్టరు స్ప్రింగు తెగి ధడేలుమని పడింది. అతను కత్తెర చేతిలో పట్టుకునే గోడ వారగా నేల మీద కూర్చుండిపోయాడు. కొత్తాయన మెడ చుట్టూ గుడ్డతో, ఒక వైపే కత్తిరించిన జుట్టుతో బిత్తరపోయి చూశాడు.

"ఏమైందండీ? ఎవర్నైనా పిలవనా?"

"వద్దు. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి," అన్నాడు అతను. మెల్లగా, పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. "కుర్చీ. దువ్వెన. ఫ్యాను. నీళ్ల సీసా." ఐదోది తోచక ఆగాడు.

కొత్తాయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా సాయం చేద్దామనుకున్నాడు కాబోలు, "క్యాలెండరు," అన్నాడు.

"క్యాలెండరు," అన్నాడు అతను కూడా.

ఇంకాసేపు అలాగే కూర్చుని, గోడ పట్టుకుని లేచాడు. కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. రెండో వైపు కత్తిరించడం పూర్తి చేశాడు. చివర్లో వెనక్కి జరిగి చూస్తే, కుడివైపు రవ్వంత పొట్టిగా వచ్చింది. ఆ మాట దాచకుండా చెప్పాడు. కొత్తాయన అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఫర్వాలేదన్నాడు. బయట ఇంకా ఇద్దరు వెయిట్ చేస్తున్నారు. అతను గుడ్డ దులిపి, మొదటాయన్ని లోపలికి రమ్మన్నాడు.